చివరి నిమిషంలో ప్రత్యర్థి మారితే ఛాంపియన్ బరిలోకి దిగాలా?

ప్రశ్న: సీతమ్మధార పాఠకుడు, విశాఖపట్నం

బాక్సింగ్, మిశ్రమ యుద్ధకళల పోటీలను కొన్నేళ్లుగా శ్రద్ధగా చూస్తున్నాను. ఒక విషయంలో ఇక్కడున్న కోచ్‌ల, ఆటగాళ్ల, తోటి పాఠకుల అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. టైటిల్ పోటీకి నెలల తరబడి సిద్ధమైన ఛాంపియన్‌కు, తీరా ముహూర్తం దగ్గరపడ్డాక, అసలు ప్రత్యర్థి గాయపడ్డాడనో డోపింగ్ పరీక్షలో దొరికాడనో చెప్పి వేరొకరిని ఎదుట నిలబెడతామంటే అతను ఒప్పుకుని తీరాలా? కాదంటే పిరికివాడని ముద్ర వేయడం న్యాయమేనా?

ఈ చర్చ ఎక్కడ మొదలైనా 2012 దగ్గరికే వస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరు 1న లాస్ వేగాస్‌లో జరగవలసిన యూఎఫ్‌సీ (అమెరికాలోని మిశ్రమ యుద్ధకళల పోటీల సంస్థ) 151వ కార్యక్రమంలో లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ జాన్ జోన్స్, డాన్ హెండర్సన్‌తో తలపడవలసి ఉంది. హెండర్సన్ మోకాలికి గాయమైంది. పోటీ ఇంకా ఎనిమిది రోజులుందనగా చేల్ సొనెన్ తాను వస్తానన్నాడు. కోచ్ గ్రెగ్ జాక్సన్ సలహా మేరకు జోన్స్ వద్దన్నాడు. నిర్వాహకులు మొత్తం కార్యక్రమాన్నే రద్దు చేశారు. అప్పటి సంస్థ అధ్యక్షుడు డానా వైట్ ఆ నిందను బాహాటంగా జోన్స్ మీద, జాక్సన్ మీద మోపారు. జోన్స్ కాదన్నది ఒక్క బౌట్‌ను మాత్రమే. మిగిలిన బౌట్లను రద్దు చేసింది అతను కాదు. ఒక్క మనిషి మోకాలి మీద ఆధారపడి ఒక రాత్రంతా నిలబెట్టి, అది కూలాక ఇంకొకరిని తప్పుపట్టడం నాకు సబబుగా తోచడం లేదు. అయినా అభిమానుల్లో కొందరు ఇప్పటికీ జోన్స్‌నే దోషిగా చూస్తారు. మీరేమంటారు?

జవాబు: ఒక బాక్సింగ్ కోచ్, మల్కాపురం

మీ ప్రశ్న బాగుందండీ. మన వాళ్లలో చాలామందికి ఈ విషయంలో ఒక అపోహ ఉంది కాబట్టి ముందు దాని గురించి చెబుతాను. మన ఊళ్లో బాక్సింగ్ అంటే అమెచ్యూర్ బాక్సింగే. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ 2009లో ఇక్కడి స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర శిక్షణ పొందిన సంగతి విశాఖ వాసులకు తెలిసిందే. ఆ పద్ధతిలో ప్రత్యర్థిని డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో ముందే తేల్చే పట్టిక, నిర్ణయిస్తుంది. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్‌కు సైతం 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ లేకపోవడంతో రెండో బౌట్‌లోనే టాప్ సీడ్, చైనా బాక్సర్ వు యు ఎదురైంది. అక్కడ ఓడింది. డ్రాలో ఎవరు వస్తే వారితో ఆడవలసిందే. అందుకే మన కుర్రాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు కూడా, "ఛాంపియన్ అన్నాక ఎవరొస్తే ఏమిటి?" అని తేలిగ్గా అనేస్తారు.

కానీ అమెచ్యూర్ బౌట్ మూడు రౌండ్లు, తొమ్మిది నిమిషాలు. వృత్తి బాక్సింగ్‌లో టైటిల్ పోటీ పన్నెండు రౌండ్లు, అంటే ముప్పై ఆరు నిమిషాలు. యూఎఫ్‌సీలో ఐదేసి నిమిషాల రౌండ్లు ఐదు. అంతసేపు నిలబడవలసిన శిక్షణ ఫలానా మనిషిని దృష్టిలో పెట్టుకునే సాగుతుంది. స్పారింగ్‌కు, అంటే సాధన పోరుకు, పిలిచే వాళ్లను కూడా ఎత్తు, వాటం, నడక ఆ ప్రత్యర్థికి దగ్గరగా ఉండేలా వెతికి తెస్తారు.

వాటం మారితే ఏమవుతుందో ఒకసారి చూడండి. కుడిచేతి వాటం వాడు ఎడమ కాలు ముందు పెట్టి నిలబడతాడు. ఎదుటివాడిదీ అదే వాటమైతే వాడి బలమైన కుడి చెయ్యి మనకు ఎడమవైపున ఉంటుంది కాబట్టి, కుడివైపుకు జరుగుతూ దాన్ని తప్పించుకోవడం నేర్పుతాం. ఎదురుగా ఎడమచేతి వాటం వాడు వచ్చాడా, వాడి కుడి కాలు ముందుంటుంది, మన ఎడమ కాలితో ఎదురెదురుగా వచ్చి పాదాలు తొక్కుకుంటాయి, ముందు చేతులు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, ఎవరి పాదం బయటివైపు పడితే వాడి వెనక చేతికి దారి తెరుచుకుంటుంది. ఇన్నాళ్లూ కుడివైపుకు జరగడం అలవాటైన కుర్రాడు అదే పని చేస్తే నేరుగా వాడి బలమైన చేతి మీదికే నడిచి వెళతాడు. ఆ అడుగు మార్చడానికి ప్యాడ్ల మీద వారాలు పడుతుంది; మార్చినా, మూడో రౌండ్‌లో ఒళ్లు అలిసేసరికి పాత అడుగే వేస్తాడు. హెండర్సన్ కుడిచేతి వాటం వాడు, సొనెన్ ఎడమచేతి వాటం వాడు. జోన్స్ వద్దనడానికి ఈ ఒక్క కారణం చాలునని కోచ్‌గా నా అభిప్రాయం.

అతను ఎవరితోనూ ఆడనని కూర్చోలేదు కూడా. అదే నెల 22న టొరంటోలో విటర్ బెల్ఫోర్ట్‌తో తలపడ్డాడు. బెల్ఫోర్ట్‌దీ ఎడమచేతి వాటమే, అతనూ ఆఖరున కుదిరిన ప్రత్యర్థే. కాకపోతే ఈసారి కొన్ని వారాల వ్యవధి దొరికింది. అయినా మొదటి రౌండ్‌లో బెల్ఫోర్ట్ అతని చెయ్యి పట్టి విరిచినంత పని చేశాడు. నాలుగో రౌండ్‌లో గాని జోన్స్ గెలవలేదు.

జవాబు: అక్కయ్యపాలెం పాఠకురాలు

కోచ్ గారి మాటల్లో సాంకేతికంగా కాదనవలసింది ఏమీ లేదు. నా అభ్యంతరం వేరు. ఆ రాత్రి ముందు బౌట్లలో ఆడవలసిన వాళ్ల గురించి మీరిద్దరూ ఒక్క మాటైనా అనలేదు. పోస్టర్ మీద మొహం లేని ఆ ఆటగాళ్లు కూడా నెలల తరబడి శిక్షణకు, తిండికి, కోచ్‌కు సొంత డబ్బు పెట్టుకుంటారు. వాళ్లకు నెల జీతం ఉండదు. బరిలోకి దిగితే ఒక మొత్తం, గెలిస్తే ఇంకో మొత్తం. 151 రద్దయ్యాక వాళ్ల బౌట్లను వేరే తేదీలకు సర్దారన్నది నిజమే గాని, ఇంటి అద్దె కట్టవలసిన రోజు అలా సర్దుకోదు. నిర్వాహకులది తప్పని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ క్షణాన నిర్వాహకులు తప్పు దిద్దుకునే స్థితిలో లేనప్పుడు, ఆ కార్యక్రమాన్ని నిలబెట్టగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అందరికంటే ఎక్కువ పారితోషికం తీసుకునే వాడి మీద అందరికంటే ఎక్కువ బాధ్యత ఉండటం అన్యాయమేమీ కాదని నా నమ్మకం.

ఒప్పుకున్నవాళ్లు లేరా? 2014 ఆగస్టు 30న టీజే డిల్లషా ఉన్నాడు. బరువు తగ్గించుకునే ప్రయత్నంలో రెనాన్ బరావో అస్వస్థుడైతే, ఒక్కరోజు ముందు జో సోటో వచ్చాడు. సోటోకు యూఎఫ్‌సీలో అదే మొదటి బౌట్. డిల్లషా కాదనలేదు, ఐదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. 2025 జనవరిలో అర్మాన్ సరుక్యాన్ నడుం నొప్పితో ముందురోజు తప్పుకుంటే, ఇస్లాం మఖచెవ్ రెనాటో మొయికానోతో ఆడి మొదటి రౌండ్‌లోనే ముగించాడు.

ఒప్పుకుని ఓడిన వాళ్లూ ఉన్నారు. 2016లో ల్యూక్ రాక్‌హోల్డ్, గాయపడిన క్రిస్ వైడ్‌మన్ బదులు రెండున్నర వారాల వ్యవధిలో వచ్చిన మైకేల్ బిస్పింగ్ చేతిలో మొదటి రౌండ్‌లోనే టైటిల్ పోగొట్టుకున్నాడు. అంతకు ఏడాదిన్నర క్రితం అదే బిస్పింగ్‌ను ఓడించినవాడు అతను. 2019 జూన్ 1న న్యూయార్క్‌లో ఆంథొనీ జాషువాది ఇంకా పెద్ద పతనం. జారెల్ మిల్లర్ డోపింగ్‌లో దొరికాక నెల రోజుల వ్యవధిలో వచ్చిన ఆండీ రూయిజ్ అతన్ని నాలుగుసార్లు పడగొట్టి, ఏడో రౌండ్‌లో అతని హెవీవెయిట్ బెల్టులన్నీ పట్టుకుపోయాడు. జాషువాను ఆ ఓటమి వల్ల ఎవరూ తక్కువగా చూడలేదు. డిసెంబరులో మళ్లీ ఆడి బెల్టులు తిరిగి తెచ్చుకున్నాడు. ఛాంపియన్‌కు రెండో అవకాశం దొరుకుతుంది. రూయిజ్‌లాంటి వాడికి తలుపు తెరుచుకునేది మాత్రం ఇలాంటప్పుడే.

జవాబు: ఒక ఫిజియోథెరపిస్ట్, మహారాణిపేట

ఛాంపియన్ గురించే అందరూ మాట్లాడుతున్నారు. నాకు ఆ వచ్చేవాడి గురించి భయం. చివరి రెండు మూడు రోజుల్లో ఆటగాళ్లు బరువు ఎలా తగ్గుతారో చాలామంది చూసి ఉండరు. ఉప్పు మానేస్తారు, నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తగ్గిస్తారు, వేడినీళ్ల తొట్టెలో మెడవరకు మునిగి కూర్చుంటారు, బయటికి వచ్చాక తువ్వాళ్లు కప్పి పడుకోబెడితే చెమట కారుతూనే ఉంటుంది. పెదవులు పగులుతాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, తోడున్నవాళ్లు చంకల కింద చేతులు వేసి తూకం దగ్గరికి నడిపిస్తారు. వారాల తరబడి తిండి సర్దుకుంటూ వచ్చినవాడికే ఇది ప్రమాదం. ఫోన్ వచ్చిన రోజు మామూలు బరువుతో ఉన్నవాడికి ఎంత ప్రమాదమో ఊహించండి. 2015 డిసెంబరులో మనీలాలో ఒక పోటీకి బరువు తగ్గించుకుంటూ యాంగ్ జియాన్ బింగ్ అనే 21 ఏళ్ల చైనా యువకుడు ప్రాణాలే కోల్పోయాడు.

2018 ఏప్రిల్‌లో ఖబీబ్ నుర్మగొమెదోవ్‌తో ఆడవలసిన టోనీ ఫెర్గూసన్ గాయపడితే, ఆరు రోజుల వ్యవధిలో మ్యాక్స్ హాలోవే ఒప్పుకున్నాడు. అతను కింది బరువు విభాగంలో ఛాంపియన్, గొప్ప ధైర్యవంతుడు. తూకం రోజున న్యూయార్క్ కమిషన్ వైద్యులు అతని పరిస్థితి చూసి ఆపేశారు. ఆపింది అతను కాదు, కోచ్ కాదు, సంస్థా కాదు. ఆ అధికారం ఉన్న బయటి వైద్యులు ఉండబట్టి ఆగింది. ఆఖరికి ఆల్ ఐయాక్వింటా వచ్చాడు. అతను 155.2 పౌండ్లు తూగాడు. టైటిల్ పోటీకి 155 దాటకూడదు కాబట్టి, గెలిచినా బెల్టు రాదని తేల్చారు. తేడా వంద గ్రాముల లోపే.

వంద గ్రాములు అనగానే మనందరికీ వినేశ్ ఫొగాట్ గుర్తుకు రాకమానదు. 2024 ఆగస్టు 7 ఉదయం తూకంలో ఆమె అనర్హురాలైనప్పుడు మన దుఃఖంలో మనం ఉన్నాం గాని, ఫైనల్‌లో శారా హిల్డెబ్రాంట్‌కు ఆ రోజే ప్రత్యర్థి మారిపోయింది. సెమీస్‌లో వినేశ్ చేతిలో ఓడిన క్యూబా అమ్మాయి యూస్నేలిస్ గుజ్మన్ వచ్చింది. హిల్డెబ్రాంట్‌ను ఎవరూ ఒప్పుకుంటావా అని అడగలేదు, ఆమె ధైర్యాన్ని ఎవరూ కొలవలేదు. ఎవరు రావాలో నియమంలో ముందే రాసి ఉంది. పైగా గుజ్మన్ కూడా అదే ఉదయం తూకం వేయించుకుని సిద్ధంగా ఉన్న మనిషి. నా వరకు మొత్తం సమస్య అక్కడే ఉంది. నియమం లేనిచోట భారమంతా ఒక మనిషి మీద పడుతుంది.

ప్రశ్న అడిగిన పాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ ప్రశ్న అడగడానికి ఇంట్లో ఒక కారణం కూడా ఉందని చెప్పాలి. మా మేనల్లుడు రాష్ట్రస్థాయిలో పతకం తెచ్చినవాడు. ఈమధ్య మన ప్రాంతంలోనే జరిగిన ఒక ప్రదర్శన పోటీకి ఒప్పుకున్నాడు. పోటీ వారంలో నిర్వాహకులు ఫోన్ చేసి, ప్రత్యర్థి రావడం లేదు, వేరొకరున్నారు, ఒక విభాగం పైబరువు, సర్దుకోమన్నారు. వాడు తన కోచ్‌ను అడిగి వద్దన్నాడు. అప్పటినుంచి జిమ్‌లో తోటి కుర్రాళ్ల మాటలు పడలేక బీచ్ రోడ్డులో పొద్దున్నే ఒంటరిగా పరిగెత్తుకుంటున్నాడు. అక్కయ్యపాలెం పాఠకురాలు గారూ, మీ వాదనలో బలం ఉంది. కానీ ముందు బౌట్ల వాళ్ల అద్దె డబ్బు ఛాంపియన్ ఒంటి మీద నుంచి రావాలనడం మాత్రం నాకు మింగుడుపడటం లేదమ్మా. టికెట్లు అమ్ముకున్నవారిది గదా ఆ పూచీ?

జవాబు: అక్కయ్యపాలెం పాఠకురాలు

మీ మేనల్లుడి విషయంలో నేనూ వద్దనే అనేదాన్ని. పైబరువు వాడితో సర్దుకోమనడం పోటీయే కాదు. నేను మాట్లాడింది అదే బరువులో, వైద్యులు చూసి సరేనన్న ప్రత్యర్థి గురించి, అదీ కోట్లు సంపాదించే ఛాంపియన్ల గురించి. వాళ్ల విషయంలో నా మాట మారదు.

జవాబు: ఒక బాక్సింగ్ కోచ్, మల్కాపురం

ఫిజియో గారు చెప్పిన నియమం సంగతి యూఎఫ్‌సీకీ తరవాత తలకెక్కింది. 2020 అక్టోబరులో అబుదాబిలో ఖబీబ్, గేత్జీల టైటిల్ పోటీకి మైకేల్ చాండ్లర్‌ను ముందే ఒప్పందం చేసుకుని, తూకం కూడా వేయించి పక్కన ఉంచారు. ఆడే అవసరం రాలేదు. ఇలా చేస్తే ఛాంపియన్ శిబిరానికి రెండో మనిషి ఎవరో మొదటి రోజు నుంచే తెలుస్తుంది, వారానికి ఒకటి రెండు పూటలు అతని వాటానికి తగ్గ స్పారింగ్ పెట్టుకోవచ్చు. అలా చెప్పి ఉంచిన తరవాత కూడా ఛాంపియన్ కాదంటే, అప్పుడు మేడం గారితో పాటు నేనూ అతన్ని తప్పుపడతాను. సోటో, మొయికానో లాగా అదే రాత్రి ఆడవలసిన వాళ్లలోంచి తీసుకోవడం ఇంకో దారి. వాళ్లు ఎలాగూ బరువు తగ్గి సిద్ధంగా ఉంటారు. అయితే మొయికానోను అలా లాగేసరికి అతనితో ఆడవలసిన బెనీల్ దరియూష్‌కు ప్రత్యర్థి లేకుండా పోయాడు.

మీ మేనల్లుడిని రేపటి నుంచి సాయంత్రాలు మా దగ్గరికి పంపండి. మా దగ్గర ఎడమచేతి వాటం పిల్లలు ఇద్దరు ఉన్నారు, వాడి బరువే. ఈసారి ఎవరైనా పోటీకి పిలిస్తే, ఒప్పుకునే ముందే కాగితం మీద మూడు విషయాలు రాయించుకోమనండి: ప్రత్యర్థి రాకపోతే బదులు వచ్చేవాడి పేరు, అతని బరువు, అతన్ని ఏ రోజు వరకు మార్చవచ్చన్నది. రాసి ఇవ్వమంటే నసిగే నిర్వాహకుల పోటీకి వెళ్లనక్కర్లేదు.