ప్రార్థన పెట్టినచోట వినతిపత్రం ఎందుకు వద్దు?

స్టెల్లా_సికింద్రాబాద్:
ఏప్రిల్ 14న మా చర్చి సంఘంలో చిబోక్ ఆడపిల్లల కోసం ప్రార్థన ఉంది. 2014లో ఆ రాత్రే నైజీరియాలోని చిబోక్‌లో బోకో హరామ్ అనే ఉగ్రవాద ముఠా ఆ పిల్లల్ని బడి హాస్టల్ నుంచి ఎత్తుకుపోయింది. పదేళ్ళు గడిచాక కూడా ఎనభై మందికి పైగా ఇల్లు చేరలేదు. ప్రార్థన అయ్యాక విదేశాంగ శాఖకు ఒక వినతిపత్రం మీద సంతకాలు తీసుకుందామన్నాను. 2025 జూలైలో పశ్చిమ ఆఫ్రికాలోని మాలిలో, కేస్ ప్రాంతంలోని సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారు. ఇలాంటప్పుడు ఇంటివాళ్ళకు సమాచారం ఎవరు చెప్పాలో, ఎన్నాళ్ళకోసారి చెప్పాలో నియమం పెట్టమని అడుగుదామని. పెద్దలు "దేవుని సన్నిధిలో రాజకీయం వద్దు" అన్నారు. మీరేమంటారు?

వందనాలు_1958:
ఇంటి మాట వీధిలో పెట్టావు స్టెల్లా. సరే, ఆ పెద్దల్లో నేనొకణ్ణి. అధికారుల కోసం ప్రార్థించమని బైబిల్లో పౌలు తిమోతికి రాశాడు, పిటిషన్లు వేయమని రాయలేదు. లిబియాలో 2015 జూలైలో మన తెలుగు లెక్చరర్లు ఇద్దరిని పట్టుకుపోతే 2016 సెప్టెంబరులో బయటపడ్డారు. ఆ పనంతా తెరవెనక జరిగింది. బయట గోల చేస్తే అవతలివాడి బేరం పెరుగుతుంది.

లెక్క_తప్పొద్దు:
చిబోక్ ప్రార్థనకు మీరు వేసిన కరపత్రం చూశాను. "అపహరణకు గురైన 219 మంది" అని వేశారు. ఎత్తుకుపోయింది 276 మందిని.

స్టెల్లా_సికింద్రాబాద్:
57 మంది మొదట్లోనే తప్పించుకున్నారండి. మిగిలింది 219.

లెక్క_తప్పొద్దు:
అప్పుడు "అపహరణకు గురైన 219 మంది" అనకూడదు.

జగిత్యాల_పోరడు:
ఏ, లెక్క ఆపు అన్నా. పెద్దసారూ, తెరవెనక అంటున్రు, ఇరాక్ల మోసుల్ యాదికి లేదా? 2014ల మనోళ్ళను 40 మందిని పట్టుకపోయిండ్రు. తప్పించుకొచ్చిన ఒక్కడు మిగిలిన 39 మందిని కాల్చేసిండ్రని మొత్తుకున్నా సర్కారు నమ్మలే. 2017ల అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ పార్లమెంటుల ఏమన్నది? రుజువు లేకుంట చచ్చిపోయిండ్రనుడు పాపం, ఆ పాపం నేను చెయ్య అన్నది. 2018 మార్చి 20న రాజ్యసభల ఆ 39 మంది చనిపోయిండ్రని చెప్పింది. పాపపుణ్యాలు ఎవలడిగిండ్రు? ఏ తారీఖున ఏం తెలిసిందో చెప్పుమన్నరు ఇంటోళ్ళు.

వందనాలు_1958:
శవాలు పూడ్చిన దిబ్బ తవ్వి, డీఎన్‌ఏ సరిపోయాకే చెప్పారు. అందులో తప్పేముంది బాబూ? వట్టి మాట మీద ఒక తల్లికి కొడుకు చావు చెబుతారా?

జగిత్యాల_పోరడు:
మా చిన్నాయన గుడ ఇరాక్ల ఉండె. నెలలకు నెలలు ఫోన్ లేదు. ఏజెంటు ఎత్తడు. హైదరాబాద్ల ఒక ఆఫీసు సుట్టు తిరిగితిరిగి చెప్పులరిగినయ్, దరఖాస్తు తీసుకున్నట్టు రసీదు గుడ ఇయ్యలే. మా నాయనమ్మ కొండగట్టు అంజన్నకు ముడుపు గట్టింది. చిన్నాయన వచ్చిండు. అంజన్న తెచ్చిండంటది, అననీ, ముసలామె. నాకు మండేదేందంటే, రసీదు ఇయ్యని సారు గుడ "దేవుడున్నడమ్మా, పో" అన్నడు.

స్టెల్లా_సికింద్రాబాద్:
నైజీరియాలోనూ ఇదే జరిగింది. 2014 మేలో అప్పటి అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ భార్య టీవీలో దేవుడున్నాడంటూ ఏడ్చారు. దాడికి దాదాపు నాలుగు గంటల ముందే హెచ్చరిక అందినా సైన్యం కదల్లేదని అదే నెలలో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ చెప్పింది. రాజధాని అబూజాలో పిల్లల్ని తెమ్మని జనాన్ని కూడగట్టిన ఒబీ ఎజెక్వెసిలి మాజీ విద్యామంత్రి, భక్తిపరురాలు కూడా. ఆవిడ ప్రార్థనా మానలేదు, నిలదీయడమూ మానలేదు.

శాలిబండ_ఫిరోజ్:
ముందు ఒంటె కాలు కట్టు, తర్వాత అల్లా మీద భారం వెయ్యి అన్నారు మా ప్రవక్త. దువా చేయండి, దరఖాస్తూ పెట్టండి.

వందనాలు_1958:
ఆవిడ మంత్రి చేసిన మనిషి, అడగ్గలదు. మన వెనక ఎవరున్నారు? చెప్పడం తేలిక ఫిరోజ్ భాయ్.

స్టెల్లా_సికింద్రాబాద్:
అంకుల్, అసలు సంగతి చెప్పండి. కమిటీలో ఎఫ్‌సీఆర్‌ఏ, అదే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, రెన్యువల్ మాట వచ్చిందా లేదా?

వందనాలు_1958:
వచ్చింది! అయితే ఏంటి? ఆ డబ్బుతోనే మన సంఘం హాస్టల్ పిల్లలు అన్నం తింటున్నారు. ఐదేళ్ళకోసారి ఢిల్లీలో హోం శాఖ సంతకం పెడితేనే ఆ పొయ్యి వెలుగుతుంది. సంఘం లెటర్‌హెడ్ మీద ప్రభుత్వాన్ని నిలదీసి, రేపు రెన్యువల్ ఆగిపోతే జవాబు నువ్వు చెబుతావా? నీకు మాలిలో ముగ్గురు కనబడుతున్నారు. నాకు రోజూ పళ్ళెం పట్టుకుని నిలబడేవాళ్ళు కనబడుతున్నారు.

స్టెల్లా_సికింద్రాబాద్:
ఆ మాట మొదటే అనుంటే నేను వేరేగా వాదించేదాన్ని. మధ్యలో పౌలును ఎందుకు తెచ్చారు? మొన్న ఆదివారం అందరి ముందూ నాకు విశ్వాసం చాలదన్నారు. మా అమ్మ అక్కడే కూర్చుని ఉంది.

వందనాలు_1958:
హోం శాఖకు భయపడుతున్నామని ప్రసంగ వేదిక మీద నుంచి చెప్పమంటావా? సంతకాలు నీ పేరు మీద తీసుకో. గేటు బయట. సంఘం పేరు వద్దు.

జగిత్యాల_పోరడు:
గేటు బయటికి నేనొస్త అక్కా. తీసుకున్నోడు రసీదు ఇయ్యాలె అని గుడ రాయి దాంట్ల.

స్టెల్లా_సికింద్రాబాద్:
రాస్తాను తమ్ముడూ. కానీ గేటు బయట మన ఇద్దరం అడిగితే ఢిల్లీలో ఎవరు చదువుతారు? సంఘం పేరు ఉంటేనే కదా దానికి బరువు. అందుకే కదా అంకుల్ వద్దంటున్నదీ.

వందనాలు_1958:
అందుకే. హాస్టల్ గురించి నేనడిగినదానికి మాత్రం ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు.