ఖుర్బానీని బలి అనవచ్చునా? హజ్‌ను యాత్ర అంటే సరిపోతుందా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. బక్రీదు గురించిన ఒక చిన్న వ్యాసాన్ని సరిదిద్దే పని నా మీద పడింది. రచయిత ఒకచోట "ఖుర్బానీ అంటే జంతుబలి" అని రాసి, రెండు వాక్యాలు దాటగానే "ఖుర్బానీ అంటే త్యాగం" అన్నారు. హజ్‌కు అన్నిచోట్లా "తీర్థయాత్ర" అనే వాడారు. బక్రీదును "త్యాగాల పండుగ" అనడం మన పత్రికలకు అలవాటే కనుక బలిని కొట్టివేసి త్యాగాన్ని ఉంచాను. తీరా చదువుకుంటే అదీ నచ్చలేదు. త్యాగం అంటే ఆ రోజు ఏం జరుగుతుందో పాఠకుడికి తెలియదు. బలి అంటే ఏం జరుగుతుందో తెలుస్తుంది గాని, ఎందుకు జరుగుతుందో తప్పుగా తెలుస్తుంది. ఈ రెండింటికీ సరైన తెలుగు మాటలు ఉన్నాయా, లేక అరబ్బీ మాటలనే ఉంచడం మేలా? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు

మీ అనుమానం సరైనదే. ముందు ఖుర్బానీ సంగతి చూద్దాం. ఈ మాటకు మూలమైన అరబ్బీ "ఖుర్బాన్"లో చంపడం అనే అర్థం గాని, వదులుకోవడం అనే అర్థం గాని లేదు. ఖాఫ్, రే, బే అనే మూడు హల్లుల ధాతువు నుండి పుట్టిన మాట ఇది. ఆ ధాతువుకు అర్థం దగ్గర కావడం. ఉర్దూ విన్న చెవికి "ఖరీబ్" అంటే దగ్గర అని తెలుసు, "ఖరాబత్" అంటే చుట్టరికమనీ తెలుసు. ఖుర్బాన్ ఆ కుటుంబంలోదే. దేవుడికి దగ్గర కావడానికి సమర్పించేది ఏదైనా ఖుర్బాన్. హీబ్రూలో "కొర్బాన్" అన్నా, సిరియాక్‌లో "కుర్బానా" అన్నా ఇదే ధాతువు. కేరళలోని సిరియన్ క్రైస్తవులు రొట్టె, ద్రాక్షరసాలతో జరిపే తమ ఆరాధనను ఈనాటికీ కుర్బానా అనే పిలుస్తారు. అక్కడ పశువు ప్రసక్తే లేదు.

ఖురాన్‌లో ఈ మాట అరుదు. ఐదవ సూరా (అధ్యాయం) 27వ వాక్యంలో ఆదం కొడుకులిద్దరి కథలో వస్తుంది: ఇద్దరూ ఖుర్బాన్ సమర్పించారు, ఒకరిది అంగీకరించబడింది, రెండవవారిది కాలేదు. భయభక్తులు గలవారి నుండే దేవుడు స్వీకరిస్తాడని అక్కడే ఉంది. ఇక మనం బక్రీదుతో ముడిపెట్టే ఇబ్రాహీం ప్రవక్త కథ 37వ సూరాలో ఉంది గాని, ఆశ్చర్యమేమిటంటే అక్కడ ఖుర్బాన్ అనే మాట లేనే లేదు. తండ్రి కొడుకుతో, నిన్ను జబహ్ చేస్తున్నట్టు కల కన్నాను, నీ అభిప్రాయం ఏమిటో చూసి చెప్పు అంటాడు. జబహ్ అంటే కోయడమే, దాపరికం లేని మాట. కొడుకు, నాన్నా, మీకు ఆజ్ఞ అయినది చేయండి, దేవుడు తలిస్తే నన్ను సహనం గలవాడిగా చూస్తారు అంటాడు. ఆ తరువాతి వాక్యంలోని క్రియ "అస్లమా". అది ద్వివచనం, తెలుగులో లేదు గాని సంస్కృతంలో మనకు తెలిసినదే. "వారిద్దరూ లోబడినప్పుడు" అని అర్థం. ఇస్లాం అనే మాట పుట్టిన ధాతువే ఇది. తండ్రి ఒక్కడే కొడుకును అర్పించాడని మనం చెప్పుకునే కథలో ఈ ద్వివచనం కనబడకుండా పోతుంది. కొడుకు ఇక్కడ బలిపశువు కాడు, అడిగితే ఒప్పుకున్నవాడు. (ఆ కొడుకు పేరు ఖురాన్ చెప్పదు. ముస్లింలలో అత్యధికులు ఇస్మాయీల్ అంటారు. ఇస్‌హాఖ్ అన్న తొలినాటి వ్యాఖ్యాతలూ ఉన్నారు, వారిలో తబరీ ప్రసిద్ధుడు.) చివరికి కొడుకుకు బదులుగా ఒక గొప్ప "జిబ్హ్" వచ్చిందని ఉంది, అంటే కోతకు తగిన జీవం, ఆ వాక్యంలోని క్రియ "ఫిద్యా" కుటుంబానికి చెందినది, దాని అర్థం విడిపించుకోవడానికి చెల్లించే మూల్యం.

ఇప్పుడు మన మాటలు. "బలి"కి సంస్కృతంలో తొలి అర్థం చంపడం కాదు, చెల్లింపు. కాళిదాసు రఘువంశంలో దిలీపుణ్ణి వర్ణిస్తూ "ప్రజానామేవ భూత్యర్థం స తాభ్యో బలిమగ్రహీత్" అన్నప్పుడు రాజు ప్రజల నుండి తీసుకున్నది పన్ను. ఆలయాల ముందుండే బలిపీఠం మీద పెట్టేది అన్నం. ఆ అర్థంలోనైతే బలి ఖుర్బాన్‌కు అంత దూరం కాదు. అయితే వాడుక ఆ అర్థాన్ని ఎప్పుడో దాటిపోయింది. "రోడ్డు ప్రమాదానికి ఇద్దరు బలి" అని పత్రిక రాసినప్పుడు అందులో సమర్పణ ఏదీ లేదు, నష్టమే ఉంది. జాతరలో బలి అన్నప్పుడు అమ్మవారు రక్తం స్వీకరిస్తుందనే భావం ఉంటుంది. పొలిమేరలో పొలి చల్లడం దానికి కొనసాగింపు. ఖురాన్ 22వ సూరా 37వ వాక్యం సరిగ్గా ఈ భావాన్నే కాదంటుంది: వాటి మాంసం గాని రక్తం గాని దేవుణ్ణి చేరవు, ఆయనను చేరేది మీ తఖ్వా (భయభక్తులు) మాత్రమే. ఏ మాట వినగానే రక్తం స్వీకరించే దైవం గుర్తుకు వస్తుందో, ఆ మాటతో ఈ వాక్యాన్ని అనువదించడం ఇబ్బందే.

త్యాగం ఇంకొంచెం మెరుగు. యజ్ఞంలో ఆహుతి వేస్తూ "ఇది అగ్నిది, నాది కాదు" (ఇదమగ్నయే న మమ) అని యజమాని పలకడాన్నే శాస్త్రం త్యాగం అంటుంది. వస్తువు మీద స్వామ్యాన్ని విడిచిపెట్టడం అన్న ఆ పాత అర్థంలో త్యాగం ఖుర్బానీలో నిజంగానే ఒక భాగం. కానీ నేటి తెలుగులో త్యాగం అనగానే దేశం కోసమో పిల్లల కోసమో పోగొట్టుకున్నదే స్ఫురిస్తుంది. త్యాగం చూపు వదిలినదాని మీద ఉంటుంది, ఖుర్బాన్ చూపు చేరేచోటి మీద ఉంటుంది.

నా దృష్టిలో అరబ్బీ మాటకు అతి దగ్గరగా నడిచే మాట మనకు ఒకటుంది: ఉపాయనం. "ఉప" అంటే దగ్గరకు, "అయనం" అంటే వెళ్లడం. పెద్దవారి దగ్గరకు వెళ్లేటప్పుడు తీసుకువెళ్లే కానుక ఉపాయనం. దగ్గరితనం నుండి కానుక అనే అర్థం పుట్టడం ఖుర్బాన్‌లోనూ ఇలాగే జరిగింది. ఇది నేటి పాఠకుడికి తెలిసిన మాట కాదు కనుక వ్యాసంలో వాడమని చెప్పను. కానీ వివరించేటప్పుడు పనికివస్తుంది.

రెండవ జవాబు

మాది గుంటూరు వైపు నూర్‌బాషా ముస్లిం కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పుస్తకాల సంగతి మొదటి జవాబులో వచ్చింది కనుక వాడుక గురించి చెబుతాను. మా ఇంట్లో మామూలు రోజున పొట్టేలును "కోశాము" అంటారు. బక్రీదునాడు మాత్రం "కుర్బానీ ఇచ్చాము" అంటారు. కోయడం ఆ రోజూ జరుగుతుంది, అయినా నోటికి వచ్చే క్రియ ఇవ్వడమే. మా నాయనమ్మ బలి అనే మాటను ఈ సందర్భంలో ఎన్నడూ అనగా వినలేదు, త్యాగం అనే మాటా వినలేదు.

ఇవ్వడం అన్న ఆ క్రియలో అర్థముంది. మాంసాన్ని మూడు పాళ్లు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు అనుకోవడం మంచి పద్ధతిగా పాటిస్తారు. కోసినవారికి కూలి విడిగా డబ్బు రూపంలో ఇవ్వాలి. తోలునో మాంసాన్నో కూలి కింద ఇవ్వకూడదు, ఎందుకంటే దేవుడి పేర ఇచ్చినదానితో మన బాకీ తీర్చుకున్నట్టవుతుంది. జీవానికి కుంటితనం, గుడ్డితనం వంటి లోపాలు ఉండకూడదు. ఈదు నమాజు కాకముందు కోస్తే అది కుర్బానీ కింద లెక్కకు రాదు, ఉట్టి మాంసమే. ఈ సమయపు నియమం అరబ్బీ పేరులోనూ ఉంది: శాస్త్రగ్రంథాలు పండుగనాటి ఈ అర్పణను "ఉద్‌హియా" అంటాయి, అది పొద్దెక్కిన వేళను చెప్పే "దుహా"కు చుట్టం. ఈదుల్ అద్‌హా అన్న పండుగ పేరూ అదే. హజ్‌లో ఉన్నవారు అర్పించే పశువుకు మళ్లీ వేరే పేరు, "హద్య్". మనం హదియా అని కానుకకు చెప్పే మాట దానికి తోబుట్టువు.

ప్రశ్న అడిగినవారి మనవి

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఒక సందేహం మిగిలింది. అరబ్బీ మాటను అలాగే ఉంచితే తెలియనివారికి అది తెలియకుండానే ఉండిపోతుంది కదా? హజ్ గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

మూడవ జవాబు

తెలియని మాటను ఉంచి పక్కనే అర్థం చెప్పే పద్ధతి మనకు కొత్తది కాదు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో తెలుగు బైబిలు "కొర్బాను" అనే మాటను అలాగే ఉంచి, దేవార్పితం అని అర్థం చెప్పింది. ఇదే మాట వేరే దారిలో మన లిపిలోకి ఎప్పుడో వచ్చిందన్నమాట.

హజ్ విషయంలో "తీర్థయాత్ర"తో నాకు రెండు పేచీలు ఉన్నాయి. మొదటిది చిన్నది: తీర్థం అంటే రేవు, నీటిని దాటే చోటు, దాని నుండి పుణ్యజలం. మక్కాలో జమ్‌జమ్ బావి నీరు ఉన్నా హజ్‌కు కేంద్రం నీరు కాదు. (17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు యాత్రికులు ఎర్రసముద్రం వైపు ఓడ ఎక్కింది మచిలీపట్నంలో. ఆ ఊరిని బందరు అంటాం. పారసీలో బందర్ అన్నా రేవే. ఆ లెక్కన వారి హజ్ తీర్థంలోనే మొదలైందని చమత్కరించవచ్చు.)

రెండవ పేచీ అసలైనది. యాత్ర అంటే వెళ్లడం. హజ్‌కు నిఘంటువులు మొదట చెప్పే అర్థం "ఖస్ద్", అంటే ఉద్దేశించడం, గౌరవనీయమైన చోటికి మనసు గురిపెట్టి బయలుదేరడం. మన మాటల్లో చెబితే సంకల్పం. పూజకు ముందు దేశకాలాలు చెప్పుకుని సంకల్పం చేసినట్టే, హజ్‌కు వెళ్లేవారు నిర్ణీత సరిహద్దు వద్ద నియ్యత్ చేసి ఇహ్రాం అనే దీక్షా స్థితిలో ప్రవేశిస్తారు. మగవారు కుట్టని రెండు తెల్లని గుడ్డలు కట్టుకుంటారు. "లబ్బైక్", వచ్చాను ప్రభూ, వచ్చాను అని పలుకుతారు. అది పిలుపుకు బదులు. 22వ సూరాలోనే ఇబ్రాహీంకు, ప్రజలలో హజ్‌ను చాటించు, వారు కాలినడకనా, బక్కచిక్కిన ఒంటెల మీదా, లోతైన ప్రతి కనుమ దారి నుండీ వస్తారు అన్న ఆజ్ఞ ఉంది. ఒంటె బక్కచిక్కిందని చెప్పడంతోనే దూరమంతా చెప్పినట్టయింది. ఈ వర్ణన నాకు ఎంతో ఇష్టం.

ఇంకొకటి గమనించండి: ముస్లింలు "హజ్ చేశారు" అంటారు. ఏడాదిలో ఎప్పుడు మక్కాకు వెళ్లినా ఉమ్రా అనే చిన్న యాత్ర చేయవచ్చు, కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేయవచ్చు, సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు నడవవచ్చు. అది హజ్ కాదు. హజ్ జుల్‌హిజ్జా నెల 8 నుండి 13 వరకు గల రోజులలోనే జరుగుతుంది, అందులోనూ 9వ తేదీన అరఫాత్ మైదానంలో ఉండితీరాలి. "హజ్ అంటే అరఫా" అని ప్రవక్త వాక్కు. ఆ పనికి పేరు "వుకూఫ్", అంటే నిలవడం. పేరుకు యాత్ర అయిన ఈ ఆచారంలో, తప్పితే మొత్తం హజ్‌యే తప్పిపోయే ఘట్టం నడక కాదు, నిలకడ. మరునాడు 10వ తేదీన మక్కా దగ్గరి మినాలో పశువును అర్పిస్తారు. మన ఊళ్లలోనూ జుల్‌హిజ్జా 10వ తేదీనే బక్రీదు లెక్క మొదలవుతుంది, నెలవంకను బట్టి అది మక్కాలో కన్నా ఒక రోజు తరువాత కావచ్చు. మక్కాకు పోలేనివారు కూడా ఆ రోజుతో ముడిపడేది ఖుర్బానీ ద్వారానే కనుక, మీ వ్యాసంలో ఈ రెండు మాటలనూ వేరువేరు పేరాల్లో విడదీయకపోవడం మంచిది.

"హజ్ యాత్ర" అన్న జంటపదం తప్పని నేను అనను. అది ప్రయాణానికి పేరుగా స్థిరపడింది. ఆచారం గురించి చెప్పేటప్పుడు మాత్రం యాత్రను వదిలి హజ్ అని ఊరుకుంటే చాలు.

ప్రశ్న అడిగినవారు

వాక్యాలను ఇలా మార్చాను: "జుల్‌హిజ్జా 10న ఈదు నమాజు తరువాత ముస్లింలు ఖుర్బానీ ఇస్తారు. దేవుడికి దగ్గర కావడానికి చేసే సమర్పణ అని ఈ మాటకు అర్థం. పొట్టేలునో మేకనో కోసి, మాంసాన్ని తామూ తిని, బంధువులకూ పేదలకూ పంచుతారు. ఆ రోజుల్లోనే హజ్ చేస్తున్నవారు మినాలో ఉంటారు." బలి, త్యాగం రెండూ పోయాయి. ఇంకొక చిన్న ప్రశ్న: రెండవ జవాబులో "కుర్బానీ" అనీ, మిగిలినచోట్ల "ఖుర్బానీ" అనీ ఉంది. ఏది ఉంచను?

మొదటి జవాబు రాసినవారు

మూలంలోని హల్లు గొంతు లోపలి నుండి పలికే "ఖాఫ్". దానికి మన లిపిలో అక్షరం లేదు. దక్కనీ మాట్లాడేవారు దాన్ని "ఖే"లాగా పలుకుతారు కనుక హైదరాబాదు మీదుగా వచ్చిన రాతలో ఖ నిలబడింది. ఇంట్లో తెలుగు మాట్లాడేవారి నోట అది క అయింది. వ్యాసంలో ఖుర్బానీ ఉంచండి, ఎవరి మాటనైనా ఉటంకిస్తే వారి కుర్బానీని దిద్దకండి.