అప్‌డేట్: టర్బో కాదు, వాక్యూమ్ పైపు

పాత టర్బో డీజిల్ కారు 2000 ఆర్‌పీఎం దాటినా లాగడం లేదు, స్కానర్‌లో పీ0299 అండర్‌బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి చాలడం లేదనే) కోడ్ చూపిస్తోంది, టర్బో మార్చాలా అని అడిగాను కదా. అక్కర్లేదు. ముందు పైపులు చూడమన్నవాళ్ల మాటే నిజమైంది.

చేత్తో వాక్యూమ్ లాగే హ్యాండ్ పంపును, వాక్యూమ్‌తో టర్బో రాడ్‌ని కదిపే యాక్చుయేటర్‌కి నేరుగా తగిలించి 20 అంగుళాల (పాదరసం లెక్కన) దాకా వాక్యూమ్ లాగితే రాడ్ సాఫీగా కదిలింది, పంపు మీటరు ముల్లు అక్కడే నిలబడింది. అదే పాత పైపు మీదుగా లాగితే ముల్లు జారిపోతోంది. ఆ వాక్యూమ్‌ని అదుపు చేసే సోలినాయిడ్ వాల్వ్ మూతికి తొడిగిన చివర కొయ్యలా గట్టిపడింది, వంచితే నెర్రెలు విచ్చుకుంటున్నాయి. ఒంగోలు ఎండకి తోడు ఇంజిన్ వేడి, ఇక ఏం మిగుల్తుంది!

కొట్లో ముందు పల్చటి సిలికాన్ పైపు చూపిస్తారు. వద్దు. వాక్యూమ్‌కి లోపలికి నొక్కుకుపోతుంది, ఇంజిన్ వాక్యూమ్ పంపు నుంచి వచ్చే ఆయిల్ తడికి ఉబ్బుతుంది. పైన నూలు అల్లిక ఉన్న రబ్బరు పైపే తీసుకున్నాను: లోపలి కొలత 3.5 మి.మీ., 2 మీటర్లు. మీ బండి మూతి కొలిచి కొనండి, వదులైతే క్లిప్ వేసినా లాభం లేదు.

ఒకటి తీసి ఒకటి వేయాలి. అన్నీ ఒకేసారి పీకితే సోలినాయిడ్ దగ్గర తారుమారవుతాయి. పాతది లాగొద్దు, ప్లాస్టిక్ మూతి విరుగుతుంది. బ్లేడుతో నిలువుగా చీల్చి ఒలిచేయాలి. బ్రేక్ బూస్టర్ (వాక్యూమ్‌తో బ్రేకుకి బలం ఇచ్చేది) పైపు జోలికి మాత్రం పోలేదు. అందులో వన్‌వే వాల్వ్ ఉంటుంది, దానికి కంపెనీ పైపే వేయాలి.

కోడ్ చెరిపాక మళ్లీ రాలేదు. సింగరాయకొండ వైపు హైవే మీద ఐదో గేర్‌లోనే ఓవర్‌టేక్ చేస్తోంది.