ముందు బ్రేక్ లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, ప్యాడ్లు మార్చినా అంతే

బ్రాడీపేట కుర్రోడు:
అన్నలూ, నాది 150 సీసీ బండి, కొని ఐదేళ్లయింది. పోయిన ఆదివారం నాన్నని ఎక్కించుకుని కోటప్పకొండ వెళ్లా, దిగేటప్పుడు పెట్రోల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో పెట్టి బ్రేక్ పట్టుకునే దిగా, సగం దూరం వచ్చేసరికి ముందు లివర్ స్పాంజి నొక్కినట్టు మెత్తగా లోపలికి పోయింది. వెనక బ్రేక్‌తో ఎలాగో ఆపా, నాన్న కూడా భయపడ్డాడు. కాసేపు ఆగితే కొంచెం గట్టిపడింది కానీ మునుపట్లా లేదు. మెకానిక్ ప్యాడ్లు మార్చాడు, తేడా ఏం లేదు. గబగబా నాలుగుసార్లు నొక్కితే మాత్రం గట్టిపడుతుంది.

ఆటోనగర్ అన్న:
తమ్ముడూ, నాలుగుసార్లు కొడితే గట్టిపడుతోందంటే బ్రేక్ ఆయిల్ లైన్లో గాలి ఉంది. ముందుగా ఆ ఆయిల్ రంగు చూడు, ఐదేళ్లలో ఒక్కసారైనా మార్చావా? బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, డాట్ 4 అనే రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిందంటే 155 దగ్గరే మరిగిపోవచ్చు. ఘాట్‌లో బ్రేక్ పట్టుకునే దిగితే క్యాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) బాగా వేడెక్కి లోపల ఆవిరి బుడగలు లేస్తాయి, ఆయిల్ అణగదు కానీ బుడగ అణుగుద్ది, అందుకే లివర్ లోపలికి పోద్ది.

బ్లీడింగ్ చెయ్యి, అంటే పాత ఆయిల్‌తో పాటు గాలి బయటికి తియ్యడం. క్యాలిపర్ మీదుండే నిపుల్‌కి (ఆయిల్ బయటికొచ్చే చిన్న స్క్రూ) సన్న ట్యూబ్ తగిలించి రెండో కొస కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచు, లివర్ నొక్కి పట్టుకుని నిపుల్ పావు తిప్పు వదులు చేసి మళ్లీ బిగించాకే లివర్ వదలాలి, ముందే వదిలితే గాలి వెనక్కి లాగేసుద్ది. పైన డబ్బాలో ఆయిల్ అడుక్కి పోనివ్వకు. మూత మీద ఏ డాట్ రాసుంటే అదే పొయ్యి. ట్యాంక్ మీద పడితే పెయింట్ లేచిపోద్ది, వెంటనే నీళ్లతో కడుగు.

బ్రాడీపేట కుర్రోడు:
మూత తీసి చూశా అన్నా, టీ డికాషన్‌లా నల్లగా ఉంది. బ్లీడ్ చేస్తే ట్యూబ్‌లో బుడగలు వరసగా వచ్చాయి. ఇప్పుడు చాలా నయం కానీ ఇంకా కొద్దిగా మెత్తగానే ఉంది.

కృష్ణలంక రైడర్:
రాత్రి లివర్‌ని హ్యాండిల్‌కి గట్టిగా తాడుతో కట్టి పడుకో, మిగిలిన చిన్న బుడగలు చాలావరకు పైకి చేరతాయి. పొద్దున విప్పి రెండుసార్లు నొక్కు. అప్పుడు లివర్ బలంగా నొక్కి పట్టుకుని చూడు, మెల్లగా కిందకి దిగిపోతుంటే, బయట ఎక్కడా తడి కూడా లేకపోతే, మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఆయిల్‌ని నెట్టే పంపు) లోపల రబ్బరు పోయినట్టే, ఆ రబ్బర్ల కిట్ వేయించు. బ్రేక్ ఆయిల్ పైపు (హోస్) ఉబ్బుతోందేమో కూడా చూడు.

ఇంకోటి, న్యూట్రల్‌లో ఘాట్ దిగొద్దు బ్రో, ప్లీజ్. సెకండ్ గేర్‌లో పెడితే ఇంజినే బండిని పట్టి ఉంచుద్ది, బ్రేక్ అప్పుడప్పుడు వేస్తే చాలు. వెనక నాన్నగారు ఉన్నారు కదా.

బ్రాడీపేట కుర్రోడు:
తాడు కట్టా అన్నా, పొద్దున లివర్ రాయిలా ఉంది. నొక్కి పట్టుకున్నా దిగట్లా. ఇక న్యూట్రల్ మాటే లేదు.