అన్నయ్యను ఏఏ మీటింగ్‌కు తీసుకెళ్లాలి, సికింద్రాబాద్ వైపు ఎవరైనా వెళ్లారా?

గోదారి_గట్టు:
మా అన్నయ్యకు నలభై దాటాయి. అల్వాల్‌లో ఉంటాడు. సాయంత్రం క్వార్టర్‌తో మొదలైంది, ఇప్పుడు పొద్దున్నే ఒక పెగ్గు పడితే గానీ చేతుల వణుకు ఆగడం లేదు. మొన్న తనే "ఏఏ అంటారే, అదేంటో కనుక్కో" అన్నాడు. వదిన మాత్రం "ఇలాంటివి చాలా విన్నాను" అంటోంది. ఎవరిని అడగాలి? తెలుగులో ఉంటుందా? నేనూ వెంట వెళ్లొచ్చా?

చల్లమజ్జిగ:
నేను వెళ్తున్నవాణ్నే. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే మీటింగులు. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో మీ ఊరి మీటింగులు, ఫోన్ నంబర్లు దొరుకుతాయి. గదులు, టైములు మారుతుంటాయి కాబట్టి ముందు ఫోన్ చేయండి. ఎత్తేది కూడా ఒకప్పుడు తాగి మానేసినవాళ్లే. మీ అన్నయ్య చేతే మాట్లాడించండి. తెలుగు మీటింగ్ కావాలని అప్పుడే అడగాలి. సిటీలో కొన్ని గ్రూపులు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో నడుస్తాయి, ఏమీ అర్థం కాక మొదటిరోజే లేచి వచ్చేసినవాళ్లు నాకు తెలుసు.

ఎక్కువగా చర్చి కాంపౌండ్‌లోనో స్కూల్లోనో ఒక గది తీసుకుని పెడతారు. గది వరకే చర్చిది, మీటింగ్ ఏ మతానికీ చెందింది కాదు. గేటు దగ్గర "తాగుడు మానేవాళ్ల మీటింగ్ ఎక్కడ" అని అడగలేక నేను చాలాసేపు రోడ్డు మీదే తచ్చాడాను. చివరికి "ఏఏ" అన్నానో లేదో, వాచ్‌మన్ ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

లోపల ప్లాస్టిక్ కుర్చీలు, టీ. పేరు ఒక్కటే చెబుతారు, ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వింటారు, మధ్యలో సలహాలుండవు. (మనవాళ్లు పదిమంది ఒకచోట చేరి సలహా ఇవ్వకుండా కూర్చోవడం నేను అక్కడే చూశాను.) 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జన్, ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్లే, ఒకరి గోడు ఒకరికి చెప్పుకోవడంతో ఇది మొదలైంది. ఇప్పటికీ జరిగేది అదే. ఫీజు లేదు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది, మెంబర్లు తోచింది వేస్తారు. కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. ఎవరైనా ప్యాకేజీ, అడ్వాన్సు అంటే అది ఏఏ కాదు.

వార్డు_డ్యూటీ:
సైకియాట్రీ వార్డులో నర్సును. పొద్దున్నే వణుకు అన్నారు చూడండి, అది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఆ స్థితిలో ఉన్న మనిషి ఉన్నపళంగా ఇంట్లో మానేయకూడదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులకు లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, జ్వరం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. ముందు డాక్టరుకు చూపించండి, ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది కదా. విటమిన్ బీ1 ఇంజెక్షన్లు, వణుకు తగ్గే మందులు ఇస్తారు. మీటింగ్ వైద్యానికి తోడే గానీ బదులు కాదు. కల్తీ కల్లు అలవాటున్నవాళ్లకూ ఇంతే, అందులో అల్ప్రజోలం అనే మత్తుమందు కలుపుతారు, అదీ టక్కున ఆపితే ఫిట్సే.

వదిన గారికి కూడా ఒక మాట. కూరలో తెలియకుండా మాత్ర కలిపేయమని ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాత్ర డైసల్ఫిరామ్, అది వేసుకున్నవాడు తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. మనిషికి చెప్పి, డాక్టరు రాస్తేనే ఇవ్వాలి. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

పసుపుకొమ్ము:
నేను మీ వదిన స్థానంలో ఉన్నదాన్ని. మాకు ఏఏ తెలియక ముందు మా ఆయన్ని ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో నెలల తరబడి పెట్టాం. నగలు బ్యాంకులో పెట్టి కట్టాం. ఫోన్ కూడా ఇచ్చేవాళ్లు కాదు. బయటికొచ్చిన వారానికే మళ్లీ సీసా. అందుకే ఆవిడ నమ్మకపోతే తప్పు పట్టకండి. ఇంట్లోవాళ్లకు ఆల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి. ఆయన మానేసినా మానకపోయినా నేను వెళ్లాను. బార్ల చుట్టూ వెతకడం, ఆఫీసుకు ఫోన్ చేసి "జ్వరమండీ" అని అబద్ధమాడడం అక్కడికెళ్లాకే మానేశాను.

తోక_చుక్క:
నాకు దేవుడంటే నమ్మకం లేదు. ఏఏ వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో (ట్వెల్వ్ స్టెప్స్) దేవుడి ప్రస్తావన, చివర్లో ప్రార్థన చూసి విసుగొచ్చింది. నాకంటే సీనియర్ ఒకాయన "ఈ గదిలో ఉన్నవాళ్లనే నీకంటే పెద్ద శక్తి అనుకో" అన్నాడు. ఒప్పుకున్నానని కాదు, వెళ్తున్నాను. ప్రార్థనప్పుడు ఊరికే నిలబడతాను, ఎవరూ ఏమీ అనరు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి, గ్రూపుకో వాతావరణం. మా ఊళ్లో అసలు లేదు, అందుకే మామూలు రోజుల్లో ఆన్‌లైన్ మీటింగ్, సిటీకి వచ్చినప్పుడు గదిలో. గదిలో కూర్చుంటేనే బాగుంటుంది.

గోదారి_గట్టు:
అందరికీ థ్యాంక్స్. వార్డు డ్యూటీ గారూ, రేపే ఓపీకి తీసుకెళ్తున్నాం. చల్లమజ్జిగ గారూ, అన్నయ్య నిన్న ఫోన్ చేశాడు. అవతలాయన చాలాసేపు మాట్లాడాడట, "వచ్చే రోజు తాగి ఉన్నా సరే, గొడవ చేయకుండా కూర్చుంటే చాలు" అన్నాడట. నేను లోపలికి రావచ్చో లేదో అడగడం మర్చిపోయాడు.

చల్లమజ్జిగ:
ఓపెన్ మీటింగ్ అయితే రావచ్చమ్మా, క్లోజ్‌డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. మళ్లీ ఫోన్ చేసి ఏ రోజు ఓపెన్ మీటింగో అడగమనండి. మిమ్మల్ని మాట్లాడమంటే "ఇవాళ వింటాను" అనండి, వదిలేస్తారు. అన్నయ్య నంబరు ఎవరైనా అడిగితే ఇవ్వమనండి, రాత్రి పదింటికి తాగాలనిపించినప్పుడు ఫోన్ ఎత్తేది వాళ్లే.