సమస్య: "తెలిసియుండి కూడ తెలియదయ్యె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. విషయం నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ వింగర్ (మైదానం అంచు నుంచి దాడి చేసే ఆటగాడు) ఆర్యెన్ రాబెన్. ఎడమకాలి వాటం ఉన్నా కుడి అంచున ఆడేవాడు. బంతితో లోపలికి దూసుకొచ్చి ఎడమకాలితోనే కొడతాడని గ్యాలరీలో కూర్చున్న పిల్లలకూ తెలుసు. జర్మనీ క్లబ్ బయర్న్ మ్యూనిక్‌లో పదేళ్లు అదే కదలిక, 8 లీగ్ టైటిళ్లు. నాకు ఈ సమస్య తట్టింది అక్కడే.

మొదటి పూరణ (కర్నూలు సభ్యుడు):

కుడికి నిలిచి బంతి గొని లోన జొరబడ
నెడమకాలి దెబ్బ యెచట బడునొ
యడ్డు నిలుచు వారలందరు నెరిగియు
తెలిసియుండి కూడ తెలియదయ్యె

నిర్వాహకుడు: యతులు కుదిరాయి. 'చొరబడ' అన్న మాట ఆ కదలికను కళ్లకు కట్టింది. కానీ 'ఎరిగియు' తర్వాత మళ్లీ 'తెలిసియుండి' పునరుక్తి. పైగా తెలియనిది ఎవరికి? 'కు' లేక అన్వయం తెగింది. 'వారలందరకు నపుడు' అంటే రెండు దోషాలూ పోతాయి.

కర్నూలు సభ్యుడు: నిజమే గురువుగారూ, సవరించుకున్నాను.

రెండో పూరణ (హైదరాబాద్ సభ్యురాలు): 2010 ప్రపంచకప్ ఫైనల్, జొహానెస్‌బర్గ్. తోటి ఆటగాడు స్నైడర్ పాస్ అందుకుని రాబెన్ ఒంటరిగా వెళ్లాడు. స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ అప్పటికే మరోవైపు పడిపోతున్నాడు, అయినా అతని కుడికాలి బూటు తగిలి బంతి పక్కకు పోయింది. ఆ ఘడియ మీద రాశాను.

ద్వారపాలుడొకడె తన యెదుట నిలువ
వానిపాదమంటి బంతి తొలగె
రాబెనునకు గోలు రాజమార్గము నాడు
తెలిసియుండి కూడ తెలియదయ్యె

కర్నూలు సభ్యుడు: గోల్‌కీపర్‌ను 'ద్వారపాలుడు' అనడం ఎంత బాగుందో! 'గోలు రాజమార్గము' మాత్రం వైరి సమాసం (సంస్కృత పదాన్ని వేరే భాష మాటతో కలిపిన సమాసం) కదా అమ్మా?

నిర్వాహకుడు: సమాసంగా పట్టుకుంటే దోషమే. కానీ ఆటలో 'గోలు' తెలుగు మాటే అయిపోయింది. ఈ పద్యానికి నేను అడ్డు చెప్పను. స్పెయిన్ 1-0తో గెలిచిన ఆ రాత్రి గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

మూడో పూరణ (డాలస్ సభ్యుడు): 2012లో మ్యూనిక్‌లోనే యూరప్ క్లబ్‌ల పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. అదనపు సమయంలో రాబెన్ పెనాల్టీని తన పాత జట్టు చెల్సీ గోల్‌కీపర్ చెక్ ఆపాడు. ఏడాది తిరిగాక, 2013 మే 25న, లండన్ వెంబ్లీలో అదే పోటీ ఫైనల్లో డార్ట్‌మండ్ జట్టు మీద 89వ నిమిషంలో గెలుపు గోలు. పద్యంలో 'మిత్రుడు' బయర్న్‌లో తోటి ఆటగాడు రిబెరీ.

వెంబ్లి గడ్డ మీద వెనుకాలి మడమతో
మిత్రుడిడిన బంతి మెల్ల దొర్లె
నేటి నవ్వులోన నిన్నటి కన్నీరు
తెలిసియుండి కూడ తెలియదయ్యె

నిర్వాహకుడు: మూడో పాదం ఈ వారానికే మకుటం. ఆ షాట్‌లో బలం లేదు, గోల్‌కీపర్‌ను తప్పించి నెమ్మదిగా వలలోకి దొర్లింది. 'మెల్ల' అన్నది ఊరికే పాదపూరణానికి వేసిన మాట కాదు.

2019లో ఆట మానేసి కూడా 2020లో తన తొలి క్లబ్ గ్రోనింగెన్ కోసం తిరిగొచ్చాడు. దాని మీద ఇంకా ఎవరూ రాయలేదు. ఆదివారం రాత్రి వరకు సమయం ఉంది.