టింబర్ డిపోలకు గిరాకీ పడిపోవడానికి కారణం సరుకు కొరతా, డిపోల తీరా?

డిపో_కర్నూలు:
మాది కర్నూల్లో రెండు తరాల టింబర్ డిపో. నాన్న ఉన్నప్పుడు పెళ్లిళ్ల సీజన్ అయ్యాక నెలకు పది, పన్నెండు వాకిళ్లు (గుమ్మం చట్రాలు) పోయేవి. ఇప్పుడు మూడు పోతే గొప్ప. అందరూ డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) తలుపులు, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు అంటున్నారు. మార్కెటింగ్ చేసుకోండి, వాట్సాప్‌లో ఫోటోలు పెట్టండి అని సలహాలు ఇస్తున్నారు. అసలు బాధ సరుకు. పక్కనే నల్లమల ఉన్నా అది పులుల అభయారణ్యం, అక్కడి చెట్టు మనకు రాదు. బర్మా 2014లో దుంగల ఎగుమతి ఆపేసింది. అప్పటి నుంచి ఆఫ్రికా, దక్షిణ అమెరికా టేకే దిక్కు. అది కాండ్లా, తూత్తుకుడి పోర్టుల్లో దిగి ఇక్కడికి చేరేసరికి లారీ కిరాయి, 18 శాతం జీఎస్టీ కలుస్తాయి. మంచి సరుకు అందని చోట ఏ ప్రచారం చేసినా ఏం లాభం? మీరేమంటారు?

ఇల్లు_అనంతపురం:
అన్నా, నా అనుభవం చెప్తా. మా ఊళ్లో ఒక డిపోలో పెద్ద వాకిలి, తలుపులు టేకులో చేయించా. 'బాగా ఆరిన చెక్క సార్' అన్నారు. జనవరిలో గృహప్రవేశం చేశాం. మే నెలకు తలుపు పలకల మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. మా అమ్మ అక్కడ గుడ్డ కుక్కి పెట్టింది. మిగతా గదులకు డబ్ల్యూపీసీ వేశా, అవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. సరుకు లేకపోవడం కాదు, పచ్చి సరుకు అమ్మడమే అసలు జబ్బు.

వడ్రంగి_నంద్యాల:
ఇరవై ఆరేళ్లుగా ఉలి పట్టుకున్నవాణ్ణి, వివరంగా చెప్తా. కొట్టిన చెట్టులో నీళ్లు చాలా ఉంటాయి. తేమ 30 శాతం దాకా దిగేవరకు చెక్క పెద్దగా ముడుచుకోదు, ఆ కిందికి దిగేటప్పుడే ముడుచుకుంటుంది. తలుపుకు 12 శాతం దగ్గరికి వచ్చిన చెక్క కావాలి. అంగుళం మందం చెక్కను కోసి, మధ్యలో బద్దలు పెట్టి పేర్చి, నీడన ఏడాది దాకా ఆరనివ్వాలని మా పెద్దలు చెప్పేవాళ్లు. ఇప్పుడు ఏ డిపో అంత కాలం ఆగుతుంది? సోమవారం కోసిన చెక్క శుక్రవారానికి నా పని చోటికి వస్తోంది. మన ఎండాకాలంలో అది ముడుచుకోకుండా ఉంటుందా? తప్పు చెట్టుది కాదు. ఆ సందు చూసి జనం నన్నే తిడతారు.

డిపో_కర్నూలు:
ఏడాది ఆరబెట్టడానికి ఆ సరుకు మీద పెట్టిన డబ్బుకు వడ్డీ ఎవరు కడతారు? అందరికీ ఆరిన చెక్క కావాలి, ధర మాత్రం పచ్చి చెక్కది కావాలి.

గట్టుటేకు_ఆళ్లగడ్డ:
సరుకు లేదంటున్నావు కదా తమ్ముడూ, నా దగ్గర ఉంది. పొలం గట్టు మీద 40 టేకు చెట్లు, 22 ఏళ్లవి. పోయినేడు ఒక వ్యాపారి వచ్చి కొలిచాడు. చుట్టుకొలత 40 అంగుళాలు, పొడవు 10 అడుగుల దుంగ. చుట్టుకొలతను నాలుగు భాగాలు చేసి, ఒక భాగాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి 144తో భాగించాడు. 6.94 ఘనపుటడుగులు అన్నాడు. మా అబ్బాయి ఇంజనీరు. గుండ్రటి దుంగకు అసలు లెక్క కడితే 8.84 ఘనపుటడుగులు వచ్చింది. అంటే నూటికి 21 పైగా రైతు నష్టపోతున్నాడు. దీనికి జవాబు చెప్పు.

డిపో_కర్నూలు:
పెద్దాయనా, అది హొప్పస్ లెక్క, అంటే దుంగలు కొలిచే పాత పద్ధతి, ఈ వ్యాపారంలో మామూలే. పోర్టులో దుంగ కొనేటప్పుడు మేమూ ఆ లెక్కకే కొంటాం. బెరడు, అంచు పలకలు అన్నీ కోతలో పోతాయి కదా. పైగా గట్టు టేకులో బయటి తెల్ల చెక్క ఎక్కువ, లోపలి గట్టి చేవ తక్కువ.

గట్టుటేకు_ఆళ్లగడ్డ:
పోయేది పోతుంది సరే. మరి 6.94 అని ఎందుకు రాస్తారు? 8.84 రాసి, అడుగు ధర తగ్గించి చెప్పండి. నాకు అర్థమయ్యే లెక్కలో అడగాలి కదా! నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతికి నేనే తిరగాలి. కొలత మాత్రం మీ చేతిలోనా?

కడప_చందనం:
మా వైపు ఎర్రచందనం వేసిన రైతులదీ ఇదే గోడు. చెట్టు మనది, ధర చెప్పేది వేరొకరు.

ఇల్లు_అనంతపురం:
కొలత గొడవ తర్వాత. నాకు ఒకటి అర్థం కాలేదు. మా వడ్రంగి పట్టుబట్టి ఆ డిపోకే తీసుకెళ్లాడు. తర్వాత తెలిసింది, ఆ బిల్లు మీద అతనికి కమీషన్ ఉందని. పచ్చి చెక్క అని అతనికి తెలియదా?

వడ్రంగి_నంద్యాల:
అందరినీ ఒకే గాటన కట్టొద్దు. నేను ఎవరికీ చెడ్డ చెక్క ఇప్పించలేదు.

డిపో_కర్నూలు:
కమీషన్ తీసుకోలేదని చెప్పగలవా? మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ప్రతి బిల్లులో వడ్రంగికో మేస్త్రికో వాటా పోతుంది. ఇవ్వకపోతే 'ఆ డిపోలో చెక్క పురుగు పట్టింది' అని చెప్పి గిరాకీని పక్క డిపోకు తీసుకెళ్తారు. నేను బయట రేటు బోర్డు పెట్టలేనిది అందుకే. ఇన్నేళ్లూ మౌనంగా భరించాను.

వడ్రంగి_నంద్యాల:
తీసుకుంటా. దాచను. ఒక వాకిలికి నాలుగు రోజులు పడుతుంది, కూలి చెబితే 'అంతా?' అంటారు. మార్బుల్‌కు లక్షలు పోసే ఇంట్లో కూడా నా కూలి దగ్గరే బేరం. ఆ కమీషన్ లేకపోతే మా పిల్లల ఫీజులు కట్టలేను.

ఇల్లు_అనంతపురం:
అది ముందే చెప్పి ఉంటే కూలిలోనే కలిపి ఇచ్చేవాణ్ణి అన్నా. దాచినందుకే కోపం.

డిపో_కర్నూలు:
సరే. ఆరిన చెక్కకు, పచ్చి చెక్కకు వేరువేరు రేట్లు బోర్డు మీద రాస్తా. తేమ మీటరు కొని, గిరాకీ ముందే పెట్టి చూపిస్తా. కమీషన్ మాత్రం ఇవ్వను. వడ్రంగన్నా, అప్పుడు కూడా నీ మనుషుల్ని నా దగ్గరికి తీసుకొస్తావా? ఇదొక్కటి చెప్పు.

వడ్రంగి_నంద్యాల:
మీటరు 12 చూపిస్తే తీసుకొస్తా. 18 చూపిస్తే వాళ్ల ముందే వద్దంటా. ఒప్పుకుంటావా?

డిపో_కర్నూలు:
ఒప్పుకుంటా.

గట్టుటేకు_ఆళ్లగడ్డ:
మీరిద్దరూ ఒప్పుకున్నారు. నా దుంగ 8.84 అని మాత్రం ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు. చెట్లు గట్టు మీదే ఉన్నాయి.